లువా నెత్తురుకి ఎవరి మీద బెంగ?

కటింగ్ చేసే ఖ్వాత్ అసూయపడటానికి ఎదురుగా మనిషే ఉండనక్కర్లేదు. పెళ్ళయిన కొత్తలో రేడియోలో వాతావరణం చదివే గొంతు మీద పడ్డాడు. ఆ గొంతు రాగానే లువా చేతిలో పని ఆపి చెవి అటు వేస్తోందని అతని ఫిర్యాదు. ఆవిడ వినేది రేపు ఎండ కాస్తుందా, ఉతికిన గుడ్డలు ఆరతాయా అని. తరవాత పందిమాంసం అమ్మేవాడు ఒక ముక్క కొసరు వేశాడని పదిహేను రోజులు ఇంట్లో మాంసం మాన్పించి, తనే ముందు నీరసపడ్డాడు. ఒక ఏడాదంతా పక్కింటి కోడిపుంజుతో మాటల్లేవు.

"అది నీ వెనకాలే ఎందుకు తిరుగుతోంది?"

"నా చేతిలో నూకలున్నాయి కాబట్టి."

"నా చేతిలోనూ ఉన్నాయి. నా వెనక తిరగదేం?"

ఈ ఒక్క గుణం పక్కన పెడితే అతనంత మంచివాణ్ణి నామ్ దిన్ పట్నంలో వెతకాలి. పుట్టింది దై నది ఒడ్డున, ఇటుక బట్టీల మధ్య. పద్దెనిమిదేళ్ళకి సైన్యంలోకి వెళ్తే తుపాకీ కన్నా ముందు చేతికి కటింగ్ మిషను ఇచ్చారు. ఒక్క చెవి అంచు కాస్త తెగడం తప్ప అక్కడ పెద్ద నష్టం జరగలేదు. తిరిగొచ్చాక ఒక పాత గోదాము గోడకి మేకు కొట్టి అద్దం తగిలించి, కింద కుర్చీ వేశాడు. గోదాము మూతపడింది, అద్దం ఉండిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఆ వీధి తలలన్నీ అతనివే. తలతో పాటు చెవులూ శుభ్రం చేస్తాడు. వెదురు పుల్ల, ఇత్తడి చెంచా, కోడి ఈక పెట్టుకుని అతను చెవిలో పని మొదలుపెడితే పెద్దపెద్ద ఉద్యోగస్తులు కూడా కళ్ళు మూసుకుని నోరు తెరుస్తారు.

లువాకి అతనితో పరిచయం ఆ కుర్చీలోనే. పెళ్ళికి ముందు ఆవిడ హనోయ్‌లో ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనిలో ఉండేది. ఒక వసంతంలో ఆ ఆసుపత్రిలోకి అప్పటికింకా పేరు లేని ఊపిరితిత్తుల జ్వరం వచ్చింది. నర్సులకు తగిలింది, ఉతికేవాళ్ళకు తగిలింది, కొందరు పోయారు. లువాని ఇరవై మూడు రోజులు గాజు తలుపు వెనక ఉంచారు. బతికి బయటపడింది కానీ జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోయింది. నామ్ దిన్‌లో ఉన్న అక్క ఇంటికి వచ్చి, మిగిలిన జుట్టు సమం చేయించుకుందామని గోడ కిందికి వచ్చింది.

"ఆడవాళ్ళకి చెయ్యను," అన్నాడు ఖ్వాత్.

"నా తల చూసి చెప్పు, ఇది ఆడదాని తలలా ఉందా?" అని నవ్వింది లువా.

ఆ నవ్వు అద్దంలో చూశాడు. మరుసటి ఏడు పెళ్ళి, ఆ పై ఏడు కూతురు. కూతురు ముద్దుపేరు కోమ్. ఇప్పుడు చెప్పుల ఫ్యాక్టరీలో పని, ఆదివారం ఆదివారం వస్తుంది. అది పుట్టినప్పటి నుంచి వీళ్ళిద్దరూ ఒకరికొకరు కోమ్ వాళ్ళ నాన్న, కోమ్ వాళ్ళమ్మ అయిపోయారు. అద్దానికి పన్నెండడుగుల దూరంలో లువా బాన్ కువొన్ పొయ్యి పెట్టింది. మరిగే కుండ మూతికి గుడ్డ బిగించి, దాని మీద గరిటెడు బియ్యప్పిండి పోసి, ఉల్లిపొర లాంటి దాన్ని వెదురుబద్దతో లేపి, లోపల మాంసం, పుట్టగొడుగులు పెట్టి చుట్టేస్తుంది. నంచుకోవడానికి చేపల ఊటలో నిమ్మరసం పిండి చేపనీళ్ళ పచ్చడి కలిపి, పులుపు చూడమని రోజూ చెంచా ఇతని నోటికే అందిస్తుంది. ఇతను తల వంచి పనిచేసుకుంటూ ఆవిడ ఎవరితో మాట్లాడుతోందో వింటూ ఉంటాడు.

ఇక కొత్త జబ్బు సంగతి. లోకమంతా తిరిగి తిరిగి అది ఈ వీధికి మూడో ఏట వచ్చింది. ఇద్దరూ ఒకే రోజు టీకా సూది వేయించుకున్నవాళ్ళే, ఒకే కుండలో అన్నం తినేవాళ్ళే. ఖ్వాత్ పది రోజులు మంచం మీద మూలిగాడు. లువా ఒకటిన్నర రోజు తుమ్మి, మూడో రోజు పిండి రుబ్బడం మొదలుపెట్టింది.

"నన్ను మాత్రం ఇలా పడేసి నిన్నెందుకు వదిలేసింది?" అన్నాడు దుప్పట్లోంచి.

"నీతో కబుర్లు బాగున్నట్టున్నాయి," అంది లువా.

జబ్బు విషయంలో కూడా భార్య మీద అసూయపడ్డ మొదటి మొగుడు బహుశా ఇతనే. అయితే ఆ అసూయ చిన్నది. పెద్దది హనోయ్ నుంచి వచ్చింది.

పాత జ్వరం నుంచి బతికినవాళ్ళను వెతుక్కుంటూ అక్కడి డాక్టర్లు ఊరూరూ తిరుగుతున్నారు. లువాని కనిపెట్టి, వార్డు ఆరోగ్య కేంద్రంలో కూర్చోబెట్టి ఎనిమిది గొట్టాల నెత్తురు తీసుకువెళ్ళారు. నెల తరవాత ఫోన్ వచ్చింది. లువా అప్పుడు కుళాయి దగ్గర గుడ్డ ఉతుకుతోంది. ఎత్తింది ఖ్వాత్.

"పెదనాన్నా, నేను డాక్టర్ వియెన్‌ని. పెద్దమ్మతో శుభవార్త చెప్పండి. ఆవిడ నెత్తురులో కణాలు ఇంకా న్యో!"

ఇక్కడి మాటలో న్యో అంటే గుర్తుండటమూ అదే, బెంగపడటమూ అదే. తాళంచెవి ఎక్కడ పెట్టారో గుర్తుంటే న్యో. ఊళ్ళో లేని మనిషి మీదికి మనసు పోతే అదీ న్యో. ఏది ఏదో విన్నవాడు సర్దుకోవాలి. ఖ్వాత్ ఏ వైపు సర్దుకుంటాడో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

"ఎవర్ని?" అన్నాడు.

"పంతొమ్మిదేళ్ళ కింద వచ్చినదాన్ని. పరిచయం ఇరవై మూడు రోజులే. అయినా మరిచిపోలేదు చూడండి! దాని పోలికలున్న కొత్తదాన్ని చూపిస్తే చాలు, గబుక్కున లేచి కూర్చుంటున్నాయి. మేం చూసినవాళ్ళలో ఇంత గట్టి న్యో ఇంకెవరికీ లేదు పెదనాన్నా. రెండు వారాల్లో మళ్ళీ వస్తాం."

వాడికీ దానికీ ఇక్కడ ఒకటే మాట. డాక్టరమ్మ దాన్ని అంటే ఖ్వాత్ చెవికి వాణ్ణి అని వినబడింది.

అతను మూర్ఖుడు కాడు. ఇది జబ్బు గురించి అని ఫోన్ పెట్టక ముందే అర్థమైంది. అయినా ఊరందరి చెవులూ శుభ్రం చేసే మనిషి చెవిలో ఆ ఒక్క మాట చేపముల్లులా దిగబడిపోయింది. పంతొమ్మిదేళ్ళు! నెత్తురులో! తను ఈ గోడ కింద గొడుగు సర్దుకుంటూ, ఆవిడ పొయ్యికి బొగ్గు మోస్తూ ఉంటే, లోపల ఆవిడ నెత్తురు ఇంకెవరినో తలుచుకుంటూ కూర్చుందా? తన వైపు ఎప్పుడైనా అలా గబుక్కున లేచిందా?

ఆ మర్నాడు కుర్చీలో దాక్ కూర్చున్నాడు. మోటార్ సైకిల్ మీద జనాన్ని దించుతుంటాడు, ఖ్వాత్ కన్నా ఆరేళ్ళు పెద్ద.

"అన్నా, నెత్తురుకి బెంగ ఉంటుందంటావా?"

"ముందు ఆ పుల్ల నా చెవిలోంచి తియ్యి తమ్ముడూ. తరవాత ఎన్నైనా అడుగు."

"కోమ్ వాళ్ళమ్మ నెత్తురులో ఉందిట. డాక్టర్లే చెప్పారు."

దాక్ అద్దంలోంచి లువా వైపు చూశాడు. ఆవిడ ఎవరికో వేయించిన ఉల్లి చల్లుతోంది. "మా ఆవిడ నెత్తురులో ఉప్పు ఉంది, చక్కెర ఉంది. బెంగ ఉందని ఏ డాక్టరూ చెప్పలేదు," అన్నాడు. "నీ ఇల్లు కాస్త పైస్థాయి."

అసూయకి ఆధారం కావాలి. ఖ్వాత్ పాత మాటలన్నీ తవ్వాడు. గాజు తలుపు వెనక ఉన్నప్పుడు వంటశాల నుంచి ఒకతను జ్వరానికి మంచిదని తియాతో ఆకు వేసిన గంజి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేవాడని లువా ఎప్పుడో అంది. ఇప్పుడు కూడా ఆ గంజి తాగేటప్పుడు ఆవిడ కాసేపు మాట్లాడదు. ఇన్నాళ్ళూ వేడిగా ఉంది కాబోలు అనుకున్నాడు. పిచ్చివాడు! ఆ పూటే బజారుకెళ్ళి తియాతో ఆకు కట్ట తెచ్చి, తనే గంజి కాచి, ఆవిడ ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

"ఏంటలా చూస్తున్నావు, ఇందులో ఏమన్నా కలిపావా?"

"తాగు. తాగి ఏం గుర్తొస్తోందో చెప్పు."

"ఉప్పెయ్యడం మరిచిపోయావని గుర్తొస్తోంది."

రెండు వారాలు ఇలాగే గడిచాయి. ఒకరి మీసం ఒక వైపు పొట్టిదైంది. చివరికి డాక్టర్లు వచ్చిన రోజున తల నూనె పెట్టి దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, లువా వెనకాలే ఆరోగ్య కేంద్రానికి బయల్దేరాడు.

అక్కడ బెంచీల మీద ఓ పాతికమంది ఉన్నారు. రక్తపోటు చూపించుకునే ముసలమ్మలు, సూదికి పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులు, ఖాళీగా ఉండి వచ్చిన దాక్. లువా చొక్కా చెయ్యి మడిచి కూర్చుంది. డాక్టర్ వియెన్ ముప్ఫై దాటని పిల్ల, కళ్ళజోడు, గబగబా మాట. ఆవిడ సూది తియ్యబోతుంటే ఖ్వాత్ ముందుకొచ్చి తన చెయ్యి చాపాడు.

"నాదీ తియ్యండి."

"మీకు ఆ పాత జ్వరం రాలేదు కదా పెదనాన్నా."

"రాలేదు. కానీ నా నెత్తురు ఎవరికోసం బెంగపడుతోందో కూడా తేలిపోవాలి. ఇంకో మాట. ఆ కాగితం మీద పేరు వస్తుందా?"

"ఏ పేరు?"

"ఆవిడ లోపల ఉన్నవాడి పేరు."

బెంచీల మీద ఒక ముసలమ్మకి ముందు అర్థమైంది. ఆవిడ పక్కావిడ భుజం మీద కొట్టింది. ఆ నవ్వు చివరి బెంచీ దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. ఒక పసిపిల్ల భయపడి ఏడుపు లంకించుకుంది. లువా మొహం ఎర్రబడి, మడిచిన చెయ్యి కిందికి లాక్కుంది. మళ్ళీ డాక్టరమ్మే మెల్లగా పైకి మడవాల్సి వచ్చింది.

ఆ పిల్లని మెచ్చుకోవాలి. నవ్వు పెదవుల దాకా వచ్చినా ఆపుకుంది. "పెదనాన్నా, మీరేం పని చేస్తారు?" అని అడిగింది.

"తలలు."

"ఒకసారి చేసిన తల మళ్ళీ వస్తే గుర్తుపడతారా?"

"మొహం చూడక్కర్లేదు. సుడి చూస్తే చాలు. ఎడమకి తిరిగిందా, రెండున్నాయా అని."

"అసలు ఎప్పుడూ రాని మనిషి వస్తే?"

"వాళ్ళవాళ్ళ తల ఎప్పుడన్నా నా చేతిలో పడి ఉంటే పట్టేస్తాను. మొన్న ఒకతను వచ్చాడు, కొత్తమొహం. 'నువ్వు వలలు అల్లే హుయ్ తమ్ముడివా?' అన్నాను. అదిరిపడ్డాడు. సుడి అదే మరి! ఇంక చూసుకునేదేముంది, చెయ్యి దానంతటది నడిచింది." ఖ్వాత్‌కి తన పని గురించి చెప్పేటప్పుడు అసూయ ఉండదు.

"సరిగ్గా అంతే," అంది డాక్టరమ్మ. "జబ్బు తగ్గాక దానితో పోరాడిన కణాలు చాలా మటుకు చచ్చిపోతాయి. కొన్ని మాత్రం మూలగలోనో, మెడ కింద బిళ్ళల్లోనో సద్దు లేకుండా ఉండిపోతాయి. వాటికి మొత్తం మొహం గుర్తుండదు, మీ సుడి లాంటి చిన్న ముక్క గుర్తుంటుంది. ఇప్పుడొచ్చిన కొత్తది పాతదానికి తమ్ముడి వరస. మొహం మారింది కానీ కొన్ని సుళ్ళు మారలేదు. అందుకే పెద్దమ్మ నెత్తురు మొదటి నుంచీ నేర్చుకోవాల్సిన పని పడలేదు. గుమ్మం దాటి రాకుండా ఆపలేకపోయింది, లోపల మాత్రం ఆటలు సాగనివ్వలేదు. మీ నెత్తురుకి సూదితో కొంత పాఠం వచ్చినా అంత అనుభవం లేదు. అందుకే మీకు పది రోజులు పట్టిందేమో అనుకుంటున్నాం. అదే తేల్చుకోవడానికి వచ్చాం."

ఖ్వాత్ ఆలోచించాడు. "అంటే కావాలని తలుచుకోవడం కాదు."

"మీరు హుయ్ సుడిని కావాలని తలుచుకుంటారా?"

"ఛీ. వాడు గుర్తొస్తే నాకు చిరాకు."

"చూశారా మరి. అసలు మీ నెత్తురులోనూ న్యో ఉంటుంది పెదనాన్నా. మనకొచ్చే మామూలు జలుబుల్లో కొన్ని దీనికి దూరపు చుట్టాలే. వాటి గుర్తు కాస్తో కూస్తో చాలామందిలో ఉంటుంది."

ఇది విని అతను తేలికపడాలి. కానీ అతనికి ఇంకో పోటు తగిలింది. భార్య నెత్తురుకి హనోయ్‌ని వణికించిన మహమ్మారి గుర్తు, తన నెత్తురుకి ముక్కు కారే జలుబు గుర్తు!

"అందులో కూడా నాకు జలుబేనా?" అన్నాడు దీనంగా. బెంచీలు మళ్ళీ కదిలాయి.

వీళ్ళు నడిచి వెళ్ళేలోపు దాక్ మోటార్ సైకిల్ మీద వీధికి వెళ్ళి కథంతా చేరేశాడు. టీ కొట్టు ముసలాడు ఖ్వాత్‌ని చూసి, "పేరు తెలిసిందా తమ్ముడూ?" అన్నాడు. లువా ఆ రోజంతా మొగుడితో మాట్లాడలేదు. పొయ్యి మీద కుండ మూత మాత్రం మామూలు కన్నా గట్టిగా మోగింది. సాయంత్రం గిన్నెలు తోముతుంటే ఖ్వాత్ పక్కన చతికిలబడి నీళ్ళు పోశాడు.

"గంజి తెచ్చినతను…"

"ఉన్నాడు," అంది లువా తల ఎత్తకుండా. "ఇరవై మూడు రోజులూ తెచ్చాడు. గంజి పెట్టి, తలుపు మీద రెండు సార్లు తట్టి వెళ్ళేవాడు. ఆ రోజుల్లో ఆ తలుపు దగ్గరికి రావడానికి నా సొంత అక్క భయపడింది. అతను వచ్చాడు. పేరు తెలీదు. మొహం తెలీదు, మాస్కూ కళ్ళద్దాలే. పక్క గదిలో మా బట్టల విభాగం మనిషే ఒకామె ఉండేది, దగ్గుతూ ఉండేది. తొమ్మిదో రోజున ఆ దగ్గు వినబడలేదు. ఆ పూట కూడా గంజి వచ్చింది. తలుపు మీద తట్టు వినగానే ఏడ్చాను. న్యో అంటే న్యో. ఏం చేస్తావు? నా నెత్తురు తీసి పారబోస్తావా?"

ఆ పక్కగది మనిషి సంగతి పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఖ్వాత్‌కి ఇప్పుడే తెలిసింది. సిగ్గేసింది. నిజం చెప్పాలంటే సిగ్గు పడుతూనే, ఆ తలుపు తట్టిన చేతి మీద కాస్త అసూయ కూడా పడ్డాడు. గుణం అంత తొందరగా పోదు.

"అడక్కూడదు కానీ," అన్నాడు మళ్ళీ నీళ్ళు పోస్తూ, "నేనంటే ఎప్పుడన్నా న్యో వేసిందా నీకు?"

లువా చేతిలో గిన్నె ఆపి నవ్వేసింది. "నువ్వా? నువ్వు ఎక్కడికన్నా వెళ్తే కదా! నేను తల ఎత్తితే నువ్వు, దించితే నువ్వు. బజారుకెళ్తే వెనకాల నువ్వు. పన్నెండడుగుల దూరంలో పద్దెనిమిదేళ్ళు. పోయినదాని మీద బెంగ వస్తుంది కోమ్ వాళ్ళ నాన్నా. నాకు నువ్వు ఆ సందు ఎప్పుడిచ్చావు?"

ఆ మాట ఖ్వాత్ లోపలికంటా వెళ్ళింది. మర్నాడు పొద్దున్నే అద్దం మీద గుడ్డ కప్పి, సంచిలో రెండు చొక్కాలు సర్దుకున్నాడు. థాయ్ బిన్‌లో ఉన్న అన్నగారింటికి వెళ్తున్నానని, వారం రోజుల దాకా రానని వీధంతా వినేలా చెప్పాడు. నది దాటితే థాయ్ బిన్ వస్తుంది, బస్సులో గంట. లువా నీళ్ళ సీసా అందించి, "జాగ్రత్త," అంది, తరవాతి పిండి గరిటె పోస్తూ.

అన్నగారికి తమ్ముడు ఎందుకొచ్చాడో అర్థం కాలేదు. ఆల్చిప్పల పులుసు చేయించాడు. ఖ్వాత్ తింటూ, ఇప్పుడు లువా ముందు ఎవరు కూర్చుని ఉంటారో లెక్క వేసుకున్నాడు. పందిమాంసం అతను కూర్చుంటాడు. టీ కొట్టు ముసలాడు కూడా, ముసలాడే కానీ పళ్ళన్నీ ఉన్నాయి. గోడ కింద తను లేడని అందరికీ తెలుసు, తనే చెప్పి వచ్చాడు! ఫోన్ చేద్దామా అనుకుని, చేస్తే బెంగ చెడిపోతుందని ఆగాడు. వదిన మంచం వేస్తే పడుకున్నాడు కానీ, ఆ ఇంట్లో కుండ మీద వెదురుబద్ద చప్పుడు లేదని తెల్లవారగానే తెలిసింది. అన్నగారు మొహం కడుక్కునేలోపు సంచి భుజాన వేసుకున్నాడు.

పది గంటలకి నామ్ దిన్‌లో బస్సు దిగాడు. సందు మలుపు తిరిగి, వారం రోజులు ఊళ్ళో లేని మనిషిలా అలసటగా నడుస్తూ పొయ్యి దగ్గరికి వచ్చాడు. ఫలహారం చేస్తున్న నలుగురూ తినే పుల్లలు పట్టుకుని తలెత్తారు.

"న్యో వేసిందా?" అన్నాడు.

"నిన్న పొద్దున వెళ్ళావు," అంది లువా. "ఇప్పుడిప్పుడే మొదలవుతోంది. పాడు చేశావు. వెళ్ళు, ఇంకో నాలుగు రోజులు ఉండి రా."

ఖ్వాత్ మొహం వాడిపోయింది. సంచి కిందికి దించాలో, మళ్ళీ భుజానికెత్తాలో తెలియక నిలబడ్డాడు. అది చూసి ఆ నలుగురిలో ఉన్న దాక్ మనసు కరిగింది.

"ఆవిడ మాట నమ్మకు తమ్ముడూ. పొద్దున నువ్వు లేవు కదా, చేపనీళ్ళ పచ్చడి కలిపి, చెంచా ఎత్తి రెండు సార్లు గోడ వైపు తిరిగింది. 'కోమ్ వాళ్ళ నాన్నా, పులుపు సరిపోయిందా చూడు,' అని. చెంచా అలా గాల్లోనే ఉండిపోయింది. మేమందరం చూశాం."

లువా గబుక్కున కుండ మూత తీసింది. ఆవిరి లేచి మొహం కనపడలేదు.

ఖ్వాత్‌కి ఒళ్ళంతా వెచ్చబడింది. చెయ్యి దానంతటది లేచిందా! గోడ వైపు! రెండు సార్లు! నవ్వబోయాడు. నవ్వు సగంలో ఉండగా ఏదో అనుమానం తగిలి ఆగిపోయింది. దాక్ వైపు తిరిగాడు.

"మరి ఆ పులుపు ఎవరు చూశారు?"

"ఎవరో ఒకరు చూడాలి కదా తమ్ముడూ. నేనే చూశా."

"ఆ చెంచాతోనా?"